మైకు వలదన్న మృదంగము



నా యెదుట ఇప్పుడు ఒక మైకు ఉన్నది. దానికి జానెడు దూరములో కూర్చుండి, గొంతు హెచ్చింపక, తగ్గింపక మాటలాడుమని కేంద్రమువారు చెప్పినారు. చెప్పినట్లే కూర్చుంటిని. అయితే నేడు నేను తలచుకొనబోవుచున్నది, ఈ మైకును తన వాద్యమునకు పగదానిగా ఎంచిన ఒక మహావిద్వాంసుని. పాలఘాటు మణి అయ్యరు గారు 1981వ సంవత్సరము మే 30వ తేదీన కీర్తిశేషులైరి. నలుబది యేండ్లు దాటినవి. ఆయన చేయి దైవదత్తమని అందరును అందురు. ఆయనతో వేగుట కష్టమని కూడ అందురు. కాని ఆ రెండవ మాటను గొంతు తగ్గించి అందురు. గతించినవారిని గూర్చి మంచియే పలుకవలెనని మన పెద్దల ఆచారము. ఆ ఆచారమును నేను గౌరవింతును. అయినను ఒక మనిషిని సగము దాచి తలచుకొనుట ఆయనకు చేయు మర్యాద కాదని నా అభిప్రాయము. ఆ కష్టమును, ఆ గొప్పతనమును రెంటిని కలిపి చెప్పుటకే నేడు ప్రయత్నింతును.

మాది కడప జిల్లాలో పాపాఘ్ని యొడ్డున ఉన్న వేంపల్లె. కడపలో ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసినది. ఆ మరుసటి యేడు మా తండ్రిగారు వేరుశనగ పంట అమ్మిన డబ్బుతో ఒక వాల్వుల రేడియో కొనిరి. మిద్దెమీద రెండు వెదురుబొంగులు నాటి, ఏరియలు తీగ కట్టించిరి. సాయంకాలము వ్యవసాయపు కార్యక్రమమునకు ఇరుగుపొరుగువారందరు మా వసారాలో చేరెడివారు. శనివారము రాత్రి, ఢిల్లీనుండి జాతీయ సంగీత కార్యక్రమము వచ్చు వేళకు మాత్రము ఒక్కడే వచ్చెడివాడు. ఆయన హరికథలకు, భజనలకు మృదంగము వాయించి బ్రదుకు వృద్ధుడు. శ్రావణ శనివారములలో గండి ఆంజనేయస్వామి సన్నిధిని ఆయన మృదంగము మ్రోగని యేడు నా చిన్నతనములో లేదు.

మణి అయ్యరు గారు వాయించు రాత్రి ఆయన చాపమీద కూర్చుండెడివాడు కాడు. రేడియోకు ముందున్న గుడ్డకు చెవి ఆనించి నిలుచుండెడివాడు. ఒకనాడు అట్లు నిలుచుండి, కొంతసేపటికి తల అడ్డముగా ఊపి, మా తండ్రిగారితో ఇట్లనెను: "ఈ పెట్టెలో కుడిచెయ్యే వస్తాండాది రెడ్డీ. ఎడంచెయ్యి ఆడనే నిలిచిపోయిండాది." వినపడుట లేదు కాబోలునని నేను బిరడా త్రిప్పి శబ్దము హెచ్చించితిని. ఆయన నన్ను చూచి నవ్వి, "రానిదాన్ని పెంచితే వస్తాదా అబ్బోడా?" అనెను.

ఆ మాటకు అర్థము నాకు చాలయేండ్లకు గాని తెలియలేదు. తెలియనివారి కొఱకు కొంచెము వివరింతును. మృదంగము పనసకొయ్యతో చేసినది. దానికి కుడివైపు ముఖమునడుమ కరణి అను నల్లని పూత ఉండును. ఆ వైపున వ్రేళ్ళతో తట్టిన శబ్దము తీక్ష్ణముగా, శ్రుతిబద్ధముగా పలుకును. ఎడమవైపు ముఖమును తొప్పి అందురు. కచేరీకి ముందు రవ్వ తడిపి దాని నడుమ అద్దుదురు. కచేరీ ముగియగనే తీసివేయుదురు. ఆ వైపున అరచేతి మడమతో ఒత్తి జరిపినపుడు వచ్చు గంభీరమైన ధ్వనిని గుంకి అందురు. ఉరుము దూరమున మొదలై దగ్గరకు వచ్చినట్లుండును ఆ ధ్వని. అది మంద్రమైన ధ్వని. ఆనాటి చిన్న లౌడుస్పీకరునకు అంత మంద్రధ్వనిని పలికించు శక్తి లేదు. కుడిచేతి టంకారమును మాత్రము అది చక్కగా అందించెడిది. వృద్ధుడు చెప్పినది అక్షరాల నిజము. ఎడమచేయి మా ఊరివరకు రాలేదు.

మణి అయ్యరు గారి తగవంతయు ఈ ఎడమచేతి కొఱకే అనిన తప్పు కాదు.

ఆయన 1912లో, నేటి కేరళలోని తిరువిల్వామల ప్రాంతమున పళయన్నూరులో జన్మించిరి. తొలుత చాత్తపురం సుబ్బయ్యరు గారి యొద్దను, తరువాత తంజావూరు వైద్యనాథయ్యరు గారి యొద్దను అభ్యసించిరి. చెంబై వైద్యనాథ భాగవతారు గారు ఆ పిల్లవానిని తమ కచేరీలలో ప్రక్కన కూర్చుండబెట్టుకొని లోకమునకు చూపిరి. మీసము రాని బాలుడు మద్రాసు సభలలో పెద్దలనడుమ కూర్చుండి వాయించుచుండగా తలపండిన లయజ్ఞులు ముందుకు వంగి వినిరి. పళని సుబ్రహ్మణ్య పిళ్ళ, రామనాథపురం మురుగభూపతి, మణి అయ్యరు — ఈ మువ్వురును ఆ తరమునకు మృదంగ త్రిమూర్తులు.

ఆయన తెచ్చిన మార్పేమి? సామాన్యముగా తాళవాద్యమును మనము గాయకుని నడకకు ఊతకఱ్ఱ అనుకొందుము. కాలము తప్పకుండ చూచుట, అవకాశము ఇచ్చినపుడు తన లెక్కలు చూపుట — అదియే దాని పని అనుకొందుము. మణి అయ్యరు గారు పాటను వాయించిరి. పల్లవిలో సంగతి పెరిగినకొలది ఆయన చేయి పెరిగెడిది. సాహిత్యము విరిగిన చోట ఆయన చేయి ఆగెడిది. అనుపల్లవి పైస్థాయికి ఎక్కునపుడు ఒక్క గుంకితో దానిని క్రిందనుండి ఎత్తి నిలిపెడివారు. ఒక్కొక్క యెడ ఆయన ఏమియు వాయింపరు. తంబురా మాత్రము మ్రోగును. ఆ మౌనము తరువాత పడిన ఒక్క దెబ్బకు సభ అంతయు ఊపిరి తీసుకొనెడిది. నేడు ఏ మార్దంగికుడు వాయించినను, అతడు ఏ బాణీవాడైనను, పాట నడకను పట్టి వాయించినంతవరకు అతనిలో మణి అయ్యరు గారి పాలు కొంత కలదు. ఉమయాళ్పురం శివరామన్, పాలఘాటు రఘు వంటివారు ఆయన శిష్యులు. మన తెలుగువారిలో రాజమహేంద్రవరమునకు చెందిన వి. కమలాకరరావు గారు ఆయన శిష్యులే.

బిరుదులకు కొదువ లేదు. 1956లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1966లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి, 1971లో పద్మభూషణము. అంతకు ముందు మృదంగ విద్వాంసుడెవ్వడును సంగీత కళానిధి కాలేదు. ప్రక్కన కూర్చుండువాడు నడుమ కూర్చుండుట అదియే మొదలు. 1965లో స్కాట్లండు దేశపు ఎడింబరో ఉత్సవమునకు కె.వి. నారాయణస్వామి గారితో, లాల్గుడి జయరామన్ గారితో కలిసి వెళ్ళి వాయించిరి.

ఇంత కీర్తి వచ్చిన పిమ్మట, సభలన్నియు ఆయన తేదీల కొఱకు కాచుకొనియున్న కాలములో, ఆయన ఒక నియమము పెట్టిరి: నేను వాయించు కచేరీలో మైకు ఉండరాదు.

ఇది పంతమని అనేకులు అనిరి. ఆయన కారణము ఆయనకు కలదు. మైకు ముందు కూర్చుండిన గాయకునకు గొంతు విప్పవలసిన పని లేదు. మెల్లగా పాడినను హాలంతయు వినపడును. అప్పుడు ప్రక్కవాద్యము అణగవలెను, లేదా తానును మైకును ఆశ్రయింపవలెను. ఇద్దరికిని మైకులు పెట్టిన తరువాత ఎవరు ఎంత వినపడవలెనని నిర్ణయించువాడు గాయకుడు కాడు, వాద్యకారుడు కాడు; మూలను కూర్చుండి బిరడాలు త్రిప్పువాడు. ఒకరి ధ్వని ఒకరు విని తగ్గించుకొని, పెంచుకొని పొందు సమన్వయము కచేరీకి ప్రాణము. అది యంత్రము చేతికి పోయినది. పైగా ఆ యంత్రము కుడిచేతి దెబ్బను చెవులు చిల్లులుపడునట్లు పెంచును. ఎడమచేతి నాదమును బొంగురుపోవునట్లు చేయును. మా వసారాలో ఆ వృద్ధుడు చెవి ఆనించి కనుగొన్నదానినే, ఆయన వేదికమీద ప్రతిదినము అనుభవించిరి.

ఇంతవరకు నా మనస్సు ఆయన పక్షమే. కాని ఆ నియమమునకు మూల్యము ఎవరు చెల్లించిరో కూడ చూడవలెను. సభలు వేయిమంది కూర్చుండు హాళ్ళు కట్టుకొనియుండెను. ముందు వరుసలో అతిథులు, పెద్దచీటీలవారు, వెనుక చిన్నచీటీలవారు. మైకు తీసివేసిన యెడల ముందువారికి నష్టము లేదు. నష్టము వెనుకవారికి. మైకుకు అలవాటుపడిన గాయకులు గొంతు చాలక వెనుకాడిరి. కార్యదర్శులు తలలు పట్టుకొనిరి. తుదకు ఆయన కచేరీలే తగ్గిపోయినవి. పోనిండు, మైకు వలదు అని ఆయనకు లొంగిన సభలు కొన్ని. ఆయనయే వలదని ఊరకున్న సభలు కొన్ని. నియమము వలన ఆయన కొంత పోగొట్టుకొనిరి; వినవలసినవారు అంతకంటె హెచ్చు పోగొట్టుకొనిరి.

ఆయన కాఠిన్యము ఈ ఒక్క విషయములోనే కాదు. ఆ కాలమున పలువురు మార్దంగికులు స్త్రీల కచేరీలకు వాయింపరు. ఆయనయు చాలకాలము ఆ పట్టుదలవారే. విద్వత్తులో ఎవరికిని తీసిపోని గాయనీమణులు, గొప్ప చేతి తోడు లేక పాడుకొనవలసివచ్చినది. తరువాత ఆయన డి.కె. పట్టమ్మాళ్ గారికి వాయించిరి. ఆ రెండు కుటుంబములకు వియ్యము కూడ కలిసినది. నేటి గాయని నిత్యశ్రీ మహదేవన్ ఆ ఇద్దరికిని మనుమరాలు. ఆయన మారిరనుట నిజము. మారకముందు పోయిన సంవత్సరములు తిరిగి రాలేదనుటయు నిజము. ఒకటి చెప్పి ఒకటి విడుచుట న్యాయము కాదు.

కచేరీలు తగ్గిన తరువాత ఆయన ఎచటికి పోయిరి? ఈ సంగతి మన రాయలసీమవారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. జిడ్డు కృష్ణమూర్తి గారు పుట్టిన మదనపల్లెకు సమీపమున, కొండలనడుమ, ఋషివ్యాలీ అను విద్యాలయము కలదు. 1970వ దశకములో మణి అయ్యరు గారు అచట పిల్లలకు మృదంగము నేర్పుచు కొంతకాలము గడపిరి. మద్రాసు సభలకు వంగని మనిషి మన గుట్టలనడుమ, మఱ్ఱిచెట్ల నీడలలో, త-ధి-తొం-నం అని పిల్లలచేత పలికించెను. అచట మైకు అక్కరలేదు. వినువారు పదిమంది, వారు దగ్గరగా కూర్చుండినవారు.

వేంపల్లెనుండి రాయచోటి మీదుగా మదనపల్లె బస్సులో ఒక పూట ప్రయాణము. మా వృద్ధుడు 1978లో కాలము చేసెను. మణి అయ్యరు గారి ఎడమచేతిని ఒక్కసారి ఎదుట కూర్చుండి వినవలెనని ఆయనకు జీవితకాలపు కోరిక. ఆ చేయి ఒక పూట ప్రయాణములో ఉన్నదని ఆయనకు తెలియదు, మాకును తెలియదు. పత్రికలు మా ఊరికి వచ్చెడివి. కచేరీలు చేయువారి వార్తలు వానిలో ఉండెడివి. కచేరీలు మానినవారి వార్తలు ఉండెడివి కావు. ఈ సంగతి నాకు తెలిసినది ఆయనయు, మణి అయ్యరు గారును గతించిన చాలకాలమునకు. నేటికిని దానిని తలచుకొనినపుడు మనస్సు కలుక్కుమనును.

ఇచట సముద్రముల కావలి మరియొక వాద్యకారుని ప్రస్తావింతును. దానికి కారణము నా దౌహిత్రుడు. అతడు బెంగుళూరులో చదువుకొనుచు, పాశ్చాత్య పద్ధతిని డ్రమ్ములు నేర్చుకొనుచుండెను. 2019లో దసరా సెలవులకు వచ్చినపుడు, దుర్గాష్టమి మరునాడు, చేతిలోని ఫోను చూచుచు దిగులుగా కూర్చుండెను. ఏమని అడిగితిని. "జింజర్ బేకర్ చనిపోయినాడు తాతా. మీ మణి అయ్యరు మాదిరే మొండోడు. ఆయనకూ ఈ మైకుల గోల నచ్చేది కాదంట" అనెను. ఆ ఒక్కమాటకు నేను వానిచేత ఆ కథ అంతయు చెప్పించుకొంటిని. పిమ్మట నేనును చదివితిని, వింటిని.

పీటర్ ఎడ్వర్డ్ బేకర్ 1939లో దక్షిణ లండనులోని లూయిషాములో పుట్టెను. ఎఱ్ఱని జుట్టును బట్టి జింజర్ అను పేరు వచ్చెను. తండ్రి తాపీపనివాడు, 1943లో యుద్ధమున మడిసెను. అప్పటికి పిల్లవానికి నాలుగేండ్లు. పదునాలుగవ యేట విప్పి చదువుమని తండ్రి ఒక ఉత్తరము విడిచిపోయెను. నీ పిడికిళ్ళనే మిత్రులుగా నమ్ముకొమ్మని దానిలోని హితవు. ఆ పిల్లవాడు దానిని జీవితాంతము పాటించెను, పాటింపకున్న బాగుండెడిది. మొదట సైకిలు పందెముల పిచ్చి. తరువాత బడి బల్లలమీద దరువు. ఫిల్ సీమన్ అను జాజ్ విద్వాంసుడు అతనికి ఆఫ్రికా డ్రమ్ముల రికార్డులు వినిపించెను. అంతటితో అతని త్రోవ నిశ్చయమైనది.

1966లో ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్ అను ఇద్దరితో కలిసి క్రీమ్ అను వాద్యబృందమును స్థాపించెను. రాక్ సంగీతములో డ్రమ్ములవాడు అంతవరకు వెనుక కూర్చుండువాడు. బేకర్ రెండు పెద్ద డ్రమ్ములను రెండు కాళ్ళకు పెట్టుకొని, నాలుగు అవయవములకు నాలుగు నడకలు ఇచ్చి, తానొక్కడే నిమిషములకొలది వాయించెను. ఆ యేటి వారి తొలి రికార్డులో 'టోడ్' అను రచన అట్టిది. మన తని ఆవర్తనము ఎరిగినవారికి అది వింత కాదు. ఆ దేశపు యువజనులకు మాత్రము అది క్రొత్త. తరువాత వచ్చిన రాక్ డ్రమ్మరులందరు ఆ త్రోవను నడచినవారే. కాని తన్ను రాక్ డ్రమ్మరు అనిన అతనికి కోపము. తాను జాజ్ వాద్యకారుడననియే చెప్పుకొనెను.

క్రీమ్ బృందము రెండేండ్లకే విచ్ఛిన్నమైనది. బ్రూసుతో అతనికి పాతపగ. అంతకు ముందరి బృందములో కత్తి చూపి బెదిరించునంతవరకు పోయినది. రెండవ కారణము హోరు. గిటారులవారు తమ వెనుక గోడలవలె యంత్రములు నిలిపి, ఒకరిని మించి ఒకరు శబ్దము హెచ్చించిరి. డ్రమ్ములవానికి తన చేతి దెబ్బ తనకు వినపడని స్థితి వచ్చినది. ఆ చివరి సంవత్సరములోనే తన వినికిడి పాడైనదని అతడు వృద్ధాప్యము వరకు చెప్పుచుండెను. 1968 నవంబరులో లండను రాయల్ ఆల్బర్ట్ హాలులో వారు వీడ్కోలు కచేరీ చేసిరి. ఇంచుమించు అవే సంవత్సరములలో ఇచట మద్రాసులో మణి అయ్యరు గారు మైకు తీయుడని పట్టుబట్టుచుండిరి. ఒకరి పేరు ఒకరు విన్నారో లేదో గాని, ఇద్దరి చెవులు చెప్పినది ఒకటే.

పోలిక అంతవరకే. బేకర్ తరువాత ఆఫ్రికాకు పోయి, నైజీరియాలోని లాగోసులో ఫెలా కుటితో వాయించెను. అచట రికార్డింగు స్టూడియో కట్టి నష్టపోయెను. హెరాయిన్ అను మత్తుమందు అతనిని చాలయేండ్లు పట్టి పీడించెను. నాలుగు పెండ్లిండ్లు. గుఱ్ఱములమీద, పోలో ఆటమీద ధనము పోసెను. భార్యాబిడ్డలు దరిద్రమును, దూషణమును పంచుకొనిరి. 2012లో అతనిమీద వచ్చిన చలనచిత్రము, అతడు ఆ చిత్ర దర్శకుని ముక్కుమీద చేతికఱ్ఱతో కొట్టిన దృశ్యముతో మొదలగును. మా దౌహిత్రుడు ఆ దృశ్యమును నాకు నవ్వుచు చూపెను. ఆ చిత్రములోనే తరువాత అతని పిల్లలు మాటలాడిన ఘట్టము వచ్చినది. అప్పుడు వాడు నవ్వలేదు.

మణి అయ్యరు గారిని అతనితో సమానము చేయుటకు ఈ కథ చెప్పలేదు. ఆయన నియమనిష్ఠలు గల గృహస్థులు. నేను చెప్పదలచినది వేరు. కష్టమైన మనిషి అను ఒక్కమాటలో మనము రెండు వేరువేరు సంగతులను కలిపివేయుచున్నాము. మొదటిది, తన పనిలో రాజీపడకుండుట. తన చేతి ధ్వని చెడుచున్నదని తెలిసినవాడు, చెడుచున్నదని చెప్పక తప్పదు. వినువారికి ఇబ్బంది అయినను, తనకు నష్టమైనను చెప్పవలెను. ఇది కళాకారుని ధర్మము. రెండవది, ప్రక్కవారు మనుష్యులను సంగతి మరచుట. ఇది ఏ కళకును అవసరము లేదు. కత్తి చూపినందువలన బేకర్ లయ శుద్ధిపడలేదు. స్త్రీలకు వాయింపకుండుట వలన మణి అయ్యరు గారి గుంకి గంభీరము కాలేదు. వాయించిన తరువాత అది తగ్గనూ లేదు. మహానుభావులకు ఇవన్నియు ఉండునులే అని మనము సర్దుకొనునపుడు, ఈ రెండవదానికి మొదటిదాని గౌరవమును అరువిచ్చుచున్నాము.

ఇంకొక సంగతి చెప్పక ముగించుట నాకిష్టము లేదు. మణి అయ్యరు గారు ఎంతగానో ప్రేమించిన ఆ నాదము ఎవరి చేతులలో పుట్టినది? మృదంగపు ముఖములకు ఆవుతోలు, మేకతోలు కావలెను; బిగించు వారులకు బఱ్ఱెతోలు కావలెను. ఆయనకు మృదంగములు కట్టినవాడు తంజావూరుకు చెందిన పర్లాందు. ఆయన క్రైస్తవుడైన దళితుడు. సెబాస్టియన్ అను వాద్యనిర్మాత కుమారుడు. ఏ పశువు తోలు ఏ ధ్వని ఇచ్చునో, ఎంత కరణి ఎన్ని పొరలు వేయవలెనో, మణి అయ్యరు గారు కోరిన నాదమునకు ఏ మార్పు చేయవలెనో ఆ ఇద్దరును యేండ్లతరబడి కలిసి శోధించిరి. గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో ప్రకటించిన 'సెబాస్టియన్ అండ్ సన్స్' అను గ్రంథములో ఈ వంశపు చరిత్ర వ్రాసిరి. కచేరీ ప్రకటనలో మణి అయ్యరు గారి పేరు ఉండెను. పర్లాందు పేరు ఉండలేదు. ఆ మూల్యము కూడ లెక్కలో వ్రాయవలసినదే.

మన పల్లెలలో ఇది తెలియని సంగతి కాదు. జాతరలో పలక కొట్టువాడు దానిని మంటకు కాచి, చెవి దగ్గర తట్టి చూచుకొనును. ఆ చెవి మణి అయ్యరు గారి చెవి వంటిదే. వాని దరువు లేక అమ్మవారు కదలదు. ఊరేగింపు ముగిసిన పిమ్మట వాడు ఎచట కూర్చుండి భోజనము చేసెనో నా బాల్యములో నేను చూచితిని. అడుగవలెనని అప్పుడు తోచలేదు. నేనును ఆ ఊరివాడనే.

ఇక మైకు సంగతి. న్యాయము ఎవరి పక్షము? నన్నడిగిన, మైకు లేకున్న వేంపల్లెకు మణి అయ్యరు గారే లేరు. వేరుశనగ చేలలో బ్రదుకువారికి మద్రాసు సభల చీటీలు ఎవరు కొనిపెట్టెదరు? సగము చేయి అయినను మా వసారాకు తెచ్చినది మైకే. దానిని నిందించు అధికారము నాకు లేదు. కాని ఆ సగమే సంపూర్ణమని నమ్మి మేము తృప్తిపడకుండునట్లు చేసినది, మైకు వలదన్న ఆ మొండితనము. ఆయన కాదనకపోయినచో, పోయినదేమో ఎవరును అడిగియుండరు.

క్రిందటి నెలలో మా దౌహిత్రుడు చెవులకు పెట్టుకొను యంత్రమొకటి తెచ్చి, ఆకాశవాణివారి పాత కచేరీ ఒకటి నాకు వినిపించెను. కాలము గడచినకొలది యంత్రములు బాగుపడినవి. కీర్తన సాగుచున్నది. అనుపల్లవికి ముందు మృదంగము ఆగినది. తంబురా ఒక్కటే వినవచ్చినది. తరువాత, ఉరుము దూరమున మొదలై దగ్గరకు వచ్చినట్లు వచ్చినది. అరువది యేండ్ల క్రిందట మా వసారాకు రాని చేయి అది. నేను చెవులనుండి యంత్రము తీసి, ప్రక్కనున్నవానికి ఇవ్వబోయితిని. ప్రక్కన మా దౌహిత్రుడు ఉండెను. వాడు అప్పటికే విన్నవాడు.

ఇవ్వవలసినవాడు లేడు.